మడతకత్తికి నేను పెట్టిన పరీక్ష

కొత్తగా కొన్న పెద్ద మడతకత్తిని రోజూ జేబులో ఉంచుకోవచ్చా అని వారంపాటు పరీక్షించాను. పదును, పట్టు బాగున్నాయి. కాస్త బరువు, అంతే. దోషం కత్తిలో ఉండదనీ, పట్టిన చేతిలోనే ఉంటుందనీ కాలేజీ చర్చలో వాదించి గెలిచినవాణ్ణి.

షాద్‌నగర్ నుంచి శంషాబాద్ వస్తున్న బస్సులో, పక్కన మనవరాలితో కూర్చున్న అవ్వ సీతాఫలాల సంచి ముడి విప్పలేకపోతోంది. కత్తి టక్కున తెరిచి అందించబోయాను.

"కత్తి చేతికియ్యొద్దు బిడ్డా, లొల్లి అయితది. జర మూసెయ్యి," అంది.

అది మూఢనమ్మకమని చెప్పబోయాను. అప్పుడు చూశాను, ఆమె రెండో చెయ్యి మనవరాలిని కత్తికి దూరంగా కిటికీ వైపు అదిమి పట్టుకుంది. నమ్మకం పేరు చెప్పి నా మర్యాద కాపాడింది. కత్తి మడిచాను.

అవ్వ పంటితో ముడి లాగి విప్పి, మొదటి పండు నాకే ఇచ్చింది. తలెత్తకుండానే తీసుకున్నాను.