ఎల్లవ్వ చెయ్యి ఆగిన చోట

మా మహబూబాబాద్ కాలేజీ వరండాలో అటెండర్ సారమ్మ మధ్యాహ్నం పూట పల్లికాయ ఒలుస్తుంది. ఆ టపటప చప్పుడు చెవిన పడితే చాలు, నేను చెబుతున్న పాఠం మీద నాకే అనుమానం పుడుతుంది. అలా అనుమానపడడం నేర్పిన మనిషి సాంబయ్య సార్. జనగామలో నాకు చరిత్ర చెప్పి, తర్వాత నా పరిశోధనకు దారి చూపించినాయన.

నా పరిశోధన పందొమ్మిదో శతాబ్దపు నాయకుడొకరి మీద. కోస్తాలో ఒక గుమాస్తా కొడుకు. వకీలయ్యాడు, మునిసిపాలిటీలో సభ్యుడయ్యాడు, చివరికి తెల్లదొరల కాలపు మద్రాసు శాసనసభకు వెళ్ళి ఉప్పు పన్ను మీద వాళ్ళను నిలదీశాడు. ఆయనంటే నాకు పిచ్చి అభిమానం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు కూడా ఆయన సంగతే మాట్లాడి అమ్మ చేత తిట్లు తిన్నాను.

సార్ పద్ధతి వేరు. అధ్యాయం రాసుకొని పోతే ముందుగా చదివేవారు కాదు. పెరట్లో పల్లికాయ ఒలుస్తున్న వాళ్ళమ్మ ఎల్లవ్వ ముందు కూర్చోబెట్టి, కాగితం చూడకుండా చెప్పమనేవారు. ఎల్లవ్వ జన్మంతా కూలికి పోయిన మనిషి, బడి ముఖం చూడలేదు. పక్కన సార్ పెన్సిల్ పట్టుకొని ఆమె చేతులనే చూస్తుండేవారు. మొదటిరోజు నేను పుస్తకాల తెలుగులో ఎత్తుకున్నాను. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తుంటే చూసి పెరిగినదాన్ని, ఆ మాత్రం భయం ఉంటుంది కదా.

"ఇంట్ల మీ నాయినతోని గిట్లనే మాట్లాడుతవా బిడ్డా?" అన్నారు సార్.

"లేదు సార్."

"మరి అవ్వతోని ఎందుకు? నీ మాటల చెప్పు. ఆమె చెయ్యి ఆగిందంటే ఆడ ఏదో తక్కువున్నట్టు. రాసుకో."

రెండేళ్ళు అలాగే గడిచాయి. థీసిస్ ఇవ్వడానికి నాలుగు రోజుల గడువుందనగా, ఎర్ర అట్టలు వేయించిన ప్రతులు సంచిలో పెట్టుకొని సార్ సంతకం కోసం వెళ్ళాను. ఆ గడువు దాటితే నేను ఆశపెట్టుకున్న లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు. చివరి అధ్యాయం చెప్పాను. ప్రజలే ఆయనను ఎన్నుకొని సభకు పంపారన్నాను. ఎల్లవ్వ చెయ్యి ఆగింది.

"గాయనకు ఓటేసిందెవలు బిడ్డా?"

"ఊర్లోళ్ళు, అవ్వా."

"మా అసోంటి కూలోళ్ళు ఏసిండ్రా?"

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టుందే అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. లింగాల ఘనపూర్‌లో మా నాయిన సర్పంచుగా నిలబడ్డప్పుడు ఊరంతా వరుస కట్టడం చూసినదాన్ని. పాత కాగితాల్లో ఎన్నిక అన్న మాట కనబడగానే ఆ వరుసనే ఊహించుకున్నాను. నిజానికి మునిసిపాలిటీల్లో, జిల్లా బోర్డుల్లో ఉన్న కొద్దిమంది పెద్దలు ఆయన పేరు చెబితే గవర్నరు ఒప్పుకున్నాడు, అంతే. ఆ కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి.

"నా ఓటు అడగని ఆయన నా మనిషి ఎట్లయిండు?" అంటూ ఎల్లవ్వ ఇంకో కాయ అందుకుంది.

సార్ పెన్సిల్ కింద పెట్టారు. "థీసిసంత ప్రజలే ఎన్నుకున్నరన్న మాట మీదనే నిలబడ్డది బిడ్డా."

"నాలుగు రోజులే ఉన్నయి సార్. గిది ఎవరడుగుతరు?"

"అవ్వ అడిగింది కద."

నాకు కోపం నషాళానికంటింది. "అవ్వ ఇస్తదా నాకు నౌకరి?" అనేశాను. ఎల్లవ్వ తల ఎత్తలేదు. సార్ మాత్రం, "సంతకం కావాల్నంటే పెడత. నీ ఇష్టం" అన్నారు. తిడితే బాగుండేది. సంతకం అడగకుండానే సంచి తీసుకొని బస్టాండుకు పోయాను. యూనివర్సిటీకి పోయే హన్మకొండ బస్సులు రెండు వచ్చాయి, పోయాయి. ఎక్కలేకపోయాను. తిరిగి వచ్చేసరికి సార్ మంచం మీద తెల్లకాగితాలు పెట్టుకొని కూర్చొని ఉన్నారు.

"రా, చాయ్ తాగి మొదలువెడదం" అన్నారు.

ఆర్నెల్లు పట్టింది. ఆ పోస్టు పోయింది, చాలా ఏడ్చాను. కొత్తగా రాసిన అధ్యాయం మళ్ళీ ఎల్లవ్వకే చెప్పాను: "ఓటు లేనోళ్ళ ఉప్పు కోసం కొట్లాడిండు అవ్వా. వాళ్ళకు ఓటు ఇయ్యుమని మాత్రం ఒక్కనాడు అడగలే." ఆమె పిడికెడు పల్లీలు నా చేతిలో పోసి, "ఇప్పుడు మనిషి లెక్క ఉన్నడు" అంది.

"ఆనాడు నోరు జారిన అవ్వా."

"ఏనాడు?" అంది ఎల్లవ్వ.

ఆమె పోయింది, రెండేళ్ళకు సార్ కూడా పోయారు. ఇప్పుడు రేపటి పాఠం ఈరోజు సారమ్మకు చెప్పుకోవడం నాకు అలవాటు. నిన్న చెబుతుండగా ఆమె చెయ్యి ఆగింది. క్లాసు వేళయింది, బెల్లు కొట్టాల్సింది కూడా ఆమే. నేను పుస్తకం మూసి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"చెప్పు సారమ్మా, యాడ తప్పు చెప్పిన?"