ఒంటరిగా చూడకూడని సీరియల్

జపాన్‌లో, మొరియోకాలో నేను పనిచేసే దుకాణంలో ఇనప అచ్చుల మీద నువ్వుల సెంబేలు, అంటే కరకరలాడే పల్చటి బిళ్ళలు, కాల్చేది కుజీ సుమినో గారు. అరవై దాటిన మనిషి. పొయ్యి వేడి ఎంతైనా ఓర్చుకుంటారు గాని, తను చూస్తున్న యానిమే బొమ్మల సీరియల్ కథ ముందే ఎవరైనా చెప్పేస్తే ఊరుకోరు.

ఆవిడకు ఈ సీరియళ్ళ పిచ్చి చిన్నప్పటిది కాదు. భర్త రోకురో గారు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. అన్నాళ్ళూ తెల్లవారకముందే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చిన మనిషి, ఒక్కసారిగా రోజంతా ఎదురుగా కూర్చునేసరికి ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తోచలేదట. ఆ చలికాలమంతా వేడిబల్ల కింద కాళ్ళు పెట్టుకుని ఒకరిమీద ఒకరు విసుక్కున్నారు. ఒక శనివారం టీవీలో ఏదో బొమ్మల కథ వస్తుంటే, అందులో బస్సు మలుపు తిరిగిన తీరు చూసి ఆయన, అలా తిప్పితే గోడకు కొట్టుకుంటుందన్నారు. బస్సు సంగతి సరే, ఆ పిల్ల పొద్దుట్నించీ ఏమీ తినలేదు చూశారా అని ఆవిడ అన్నారు. ఆ పూట అన్నం చల్లారిపోయినా ఇద్దరూ మాటలాపలేదు.

అప్పటినుంచి మూడు నెలలకోసారి కొత్త సీరియళ్ళు మొదలయ్యాయంటే ఆ ఇంట్లో సందడే. మొదటి భాగాలన్నీ రికార్డు చేసిపెట్టుకుని, ఆదివారం పొద్దున తిండి అయ్యాక వరసగా చూసి, ఒక్కటి ఎంచుకుంటారు. ఆపైన ఒకరు లేకుండా ఇంకొకరు చూడకూడదని ఒప్పందం. ఆవిడకు వంటా వార్పూ ఉన్న కథ కావాలి. ఆయనకు యంత్రాలు తిరగాలి. చచ్చిపోయి ఇంకో లోకంలో పుట్టే కథలంటే ఆయనకు ఒళ్ళుమంట.

"చచ్చాక కూడా కత్తి పట్టుకుని డ్యూటీకెళ్ళాలా? పింఛనన్నా ఇవ్వరా?" అంటారు.

ఈ ఏప్రిల్‌లో ప్రకటనలు చూసి ఇద్దరూ చెరో కథా పట్టుకున్నారు. ఒక దీవిలో లైట్‌హౌసు కాపలా కాసే ముసలమ్మ, మనవరాలి కథ ఆవిడది. చంద్రుడి మీద రైళ్ళ యుద్ధం ఆయనది. సంగతి తేలకముందే, కారుకు మంచు టైర్లు తీసి వేసవి టైర్లు బిగిస్తూ ఆయన నడుం పట్టేసి ఆసుపత్రి పాలయ్యారు. మంచమ్మీద పడుకుని కూడా, తను వచ్చేదాకా ఏదీ చూడొద్దని చెప్పారట. మీరు లేకుండా నేనెందుకు చూస్తానని ఆవిడ మాటిచ్చారు.

తర్వాతి వారం సుమినో గారు ఒక వాయి సెంబేలు మాడ్చేశారు. పక్కన పొట్లాలు కడుతున్న నేను, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"ఇంట్లో అలికిడే లేదమ్మా. వంటగదిలో నిలబడే నాలుగు మెతుకులు తింటున్నా. నిన్న సాయంత్రం ఎవరి గొంతైనా వినపడితే చాలనిపించి ఆ లైట్‌హౌసు పెట్టా."

బాగుందా అన్నాను.

"రెండోది కూడా చూసేశా" అని మొహం అటు తిప్పుకున్నారు. "మొగుడు ఆసుపత్రిలో ఉంటే పరాయివాడితో షికారుకెళ్ళినట్టుంది నాకు."

రోకురో గారు చేతికర్రతో ఇంటికొచ్చిన ఆదివారం, నీ లైట్‌హౌసే పెట్టవే అన్నారట, ఎంతో దయ తలిచినట్టు. ఆవిడ ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చున్నారు. కథలో ముసలమ్మ పడవ తాళంచెవి కోసం ఇల్లంతా తలకిందులు చేస్తుంది. చివరికి పులుసు గిన్నె మూత తీస్తే ముల్లంగి ముక్కల మధ్య అది ఉడుకుతూ కనిపిస్తుంది. ముసలమ్మ చెయ్యి ఇంకా మూత మీద పడనేలేదు, ఈయన భుజాలు అదురుతున్నాయి నవ్వాపుకోలేక.

"ఇంకా మూత తియ్యలేదు కదండీ" అన్నారు సుమినో గారు.

ఆయన చేతికర్ర వంక చూస్తూ, ఆసుపత్రిలో పక్క మంచం అతని ఫోన్‌లో చూశానని ఒప్పుకున్నారు. రైళ్ళ కథ పెడతానని అతనంటే తనే వద్దన్నారట.

"ఇంట్లో ఒక్కదానివే ఉన్నావు కదా. నీకు నచ్చిందేమిటో చూద్దామనిపించింది."

అయినా ఆవిడ వదల్లేదు. మాట తప్పినందుకు దులిపేసి, గంపెడు వెదురు మొలకలు తెచ్చి ఒలవమని ముందు పెట్టారు. తన సంగతి మాత్రం బయటపెట్టలేదు. మర్నాడు నాకు చెబుతూ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు.

మే నెలలో రోకురో గారు దుకాణానికి వచ్చారు. ఆవిడ లోపల పొయ్యి దగ్గరున్నారు. ఆయన గొంతు తగ్గించి, రెండో భాగంలో ఏడుపు ఘట్టం రాకముందే మా ఆవిడ రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకుందన్నారు. మరి అడగలేదా అన్నాను.

"ఎందుకమ్మా, సిగ్గుపడుతుంది. వెదురు మొలకల కూర కూడా బాగా కుదిరింది."

ఆయన సంగతి ఆవిడకు నేను చెప్పలేదు.

జూలైలో మళ్ళీ పీటముడి పడింది. ఆవిడ పూలకొట్టు కథా, ఆయన సరుకు ఓడ కథా అని తేలక, తీర్పు చెప్పమని నన్ను పిలిచారు. మా ఊరి పద్ధతిలో చల్లటి నూడుల్స్ మీద పుచ్చకాయ ముక్క పెట్టి ఇచ్చారు. రెండూ చూశాక ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఉన్నమాట చెప్పాలి కదా, ఓడే బాగుందన్నాను. రోకురో గారు తన పుచ్చకాయ ముక్క కూడా తీసి నా గిన్నెలో వేశారు.

సోమవారం సుమినో గారు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత పొయ్యి దగ్గరకు పిలిచి, అచ్చు తిప్పుతూనే అడిగారు:

"ఆ ఓడ కెప్టెన్‌కి పెళ్ళయిందంటావా?"