తూర్పు కిటికీలో సాయంకాలపు ఎండ

ఆ వారపత్రిక కార్యాలయంలో పేజీలు కూర్చే ఆవిడను అందరూ సర్దుబాటక్కయ్య అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కథ పేజీకి నాలుగు పంక్తులు తగ్గితే మరొకరైతే పువ్వు బొమ్మ పెట్టి చేతులు దులుపుకుంటారు. ఈమెకు పువ్వు బొమ్మంటే ఒళ్లుమంట. ఆ ఖాళీని తానే రాసి పూడుస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదు గనుక అది తప్పని ఆమెకు తోచనూ లేదు.

ఇప్పుడు సీరియల్ రాస్తున్న రచయిత గొప్ప మాటకారి. ఆయన పాత్రలు పేజీలకు పేజీలు వాదించుకుంటాయి, ఏడుస్తాయి. ఎక్కడ కూర్చుని ఆ పని చేస్తున్నాయో మాత్రం ఆయన చెప్పడు. కథానాయిక నాలుగు వారాలు గాల్లోనే నిలబడింది. అక్కయ్యకు జాలి వేసింది. ఐదో వారం మూడు పంక్తులు తగ్గగానే ఆ అమ్మాయికొక గది కట్టించింది: తూర్పున కిటికీ, ఊడిన గొళ్లేనికి బదులు పాత చీరపేలిక, పొద్దున్నే మంచం కాళ్ల మీద పడే ఎండ. తరువాత గోడకు చెమ్మ పట్టించింది. పక్క వాటాలో దగ్గే ముసలాయనను దించింది. రచయితకు తన కథను అచ్చులో చదువుకునే అలవాటు లేదు గనుక అంతా సాఫీగా సాగింది.

పదమూడో వారం కొంప మునిగింది. పేజీ ప్రెస్సుకు వెళ్లే తొందరలో అక్కయ్య అదే కిటికీలోంచి సాయంకాలపు ఎండను నాయిక జడ మీద పడేసింది.

మరుసటి వారం ముప్పై ఆరు ఉత్తరాలు వచ్చాయి. అన్నింటిలోనూ మొదటి గొడవ ఒకటే: తూర్పు కిటికీలోంచి సాయంత్రం ఎండెలా వస్తుంది?

రచయిత ఆ కట్ట పట్టుకుని సంపాదకురాలి గదిలోకి దూసుకొచ్చాడు. "కిటికీ ఏమిటండీ? నా జన్మలో కిటికీ రాయలేదు నేను!"

సంపాదకురాలు ఒకరి మాట మీద తీర్పు చెప్పే మనిషి కాదు. రాతప్రతులనూ అచ్చుపేజీలనూ పక్కపక్కన పరిచి, ఎర్ర పెన్సిలుతో తేడాలు గీసి, అప్పుడు అక్కయ్యను పిలిపించింది.

అక్కయ్య చేతిసిరా కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. భర్త మోకాళ్లు అరిగి కుట్టుమిషను మూలపడ్డాక ఇల్లు నడుస్తున్నది ఈ కుర్చీ మీదే.

"ఇవి రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదండి. ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు."

"విన్నారా పొగరు!" అన్నాడు రచయిత. "ఈవిడుంటే నేనుండను. తేల్చండి."

"తేలుస్తాను. ముందు ఆ ఉత్తరాల్లో మిగతాది కూడా పైకి చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "గొళ్లెం లేని ఆ కిటికీ మా ఇంట్లోదే. వాన పడితే మా అత్తగారు నన్నే తిడుతుంది." ఇంకొకటి: "చెమ్మ గోడకు మంచం ఆనించొద్దని ఆ పిల్లకు చెప్పండి, నడుం పట్టేస్తుంది." ఉద్యోగ విరమణ చేసిన సర్వేయరు ఒకాయన గది పటమే గీసి పంపాడు, స్నానాలగది ఎటుందో తెలియక అక్కడ ఖాళీ వదిలానని క్షమాపణ చెప్పుకున్నాడు.

"మా కథానాయకుడు మూడు పేజీలు ఏడ్చాడే, దాని సంగతి?" అంటూ రచయిత తానే వెదికాడు. ఒక్కటి దొరికింది. "అతన్ని బయటికి వెళ్లి ఏడవమనండి. పక్క వాటా ముసలాయనకు నిద్ర ఉండటం లేదు."

సంపాదకురాలు ఆ ఉత్తరాన్ని అందుకుని కట్ట మీద పెట్టింది.

"చెప్పకుండా రాయడం నీ తప్పు," అంది సంపాదకురాలు అక్కయ్యతో. తరువాత రచయిత వైపు తిరిగింది. "మీ కథలో పాఠకులు కాపురాలు పెట్టినా మీకు తెలియకపోవడం మీ తప్పు. ఇకనుంచి ఈమె రాసిన ప్రతి పంక్తీ మీరు చూశాకే అచ్చుకు వెళుతుంది. కుర్చీ ఆమెదే. ఉంటారో వెళతారో మీ ఇష్టం."

రచయిత వెళ్లాడు. అయితే మెట్ల వైపు కాదు, అక్కయ్య బల్ల దగ్గరికి. స్టూలు లాక్కున్నాడు.

"సరే తల్లీ, పరువెలాగూ పోయింది. ఈ ఎండలోంచి బయటపడేదెలా?"

"ఎదురు మేడకు కొత్తగా అద్దాలు బిగించారందాం మాస్టారూ. సాయంత్రం ఎండ వాటి మీద పడి ఇటు కొడుతుంది."

ఆయన రాసుకుంటూ ఆగాడు. "అద్దాలు బిగించే చప్పుడుకి ముసలాయన ఊరుకుంటాడా?"

"ఊరుకోవడమా! పొద్దున్నుంచీ తిడుతూనే ఉన్నాడు."

ఆ తిట్లు రాయడం మొదలుపెట్టిన మనిషి తల ఎత్తలేదు. కూర్చి చూస్తే పదకొండు పంక్తులు ఎక్కువయ్యాయి.

"ఏవి తీసేయమంటారు?"

రచయిత పేజీని కాసేపు పరిశీలించి, నాయకుడి ఏడుపు మీద అడ్డంగా గీత లాగాడు.

"ముసలాయన జోలికి మాత్రం వెళ్లకు."