పోపుగారి రాజీనామా

మొన్న జగిత్యాల గుడిలో కొత్త పోపుగారి పటం తగిలిస్తుంటే, పోపుగారు ప్రాణం ఉన్నంతకాలం పోపుగారేనా అని మా మనవరాలు అడిగింది. ఒకాయన మధ్యలోనే దిగిపోయారని చెప్పబోయి, దానికి ఏ మాట వాడాలో తోచక ఆగిపోయాను. ఆ ఒక్క మాట మా ఇంటిని ఎంత కలతపెట్టిందో మా తరంవాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మా నాన్న ఎల్లారెడ్డిపేట దగ్గరి పల్లెలో ఉపదేశి. ఫాదర్‌గారు రాని ఆదివారాలు ప్రార్థన నడిపేవాడు, మిగతా రోజులు కూలికి వెళ్లేవాడు. గుంటెడు భూమి లేని ఆ ఇంట్లో మొదటి సర్కారు కొలువు నా తమ్ముడిది, కానిస్టేబులు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, రోడ్డు మీద బైఠాయించినవాళ్లను కొట్టమని హుకుం వస్తే, ఆ గుంపులో మా మేనత్త కొడుకును చూసి, తమ్ముడు లాఠీ ఎత్తలేక మర్నాడే రాజీనామా ఇచ్చి వచ్చాడు. ఊరివాళ్లు దండలు వేశారు. "నాతోని గాలేదు నాయినా" అని వాడన్నది విని కూడా నాన్న లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లు మాటల్లేవు. వాడు సిరిసిల్లలో మరమగ్గాల పనికి కుదిరి, ఆదివారం మా పల్లె గుడికి వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఇంట్లో మెతుకు ముట్టకుండా వెళ్లిపోయేవాడు.

అప్పుడే పోపుగారి కబురు వచ్చింది. ఆదివారం గుడిలో చదవమని ఫాదర్‌గారు పంపిన కాగితంలో రాజీనామా అనే ఉంది. నాన్నకు చూపు మందగించడంతో, టీచరునైన నేనే పెద్ద అక్షరాలతో తిరగరాసి ఇచ్చేదాన్ని. "రాజీనామ లీడర్లు ఇచ్చేది బిడ్డా. పోపుగారికి గా మాట వద్దు, విరమణ అని రాయి" అన్నాడు. తమ్ముడి ముఖం మెదిలింది. అయినా ఎదురు చెప్పే ధైర్యం లేక అలాగే రాశాను.

ఆదివారం నాన్న ఆ వాక్యం దాకా చదివి ఆగాడు. అద్దాలు తీసి, కాగితం మడిచి, వెనక గోడ వైపు చూశాడు.

"పోపుగారు రాజీనామ ఇచ్చిండు. నాతోని గాదని ఇచ్చిండు."

తమ్ముడు తల వంచుకున్నాడు. చివరి పాట ముగియకముందే బయటికి వెళ్లి, బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు. నాన్న మెల్లగా వెళ్లి, "అన్నం తిని పో" అన్నాడు. వాడు వచ్చి తిన్నాడు. నువ్వు చేసింది మంచిదని మాత్రం నాన్న చనిపోయేదాకా అనలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆనాడు రాజీనామాలు ఇచ్చిన పెద్దవాళ్లు మళ్లీ పదవుల్లో కూర్చున్నారు. కొలువు తిరిగి ఇమ్మన్న తమ్ముడి అర్జీ మాత్రం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, వయసు మీరిందన్న జవాబుతో వెనక్కి వచ్చింది. ఇప్పుడు మా ఇళ్లలో పిల్లలు ఫోన్లోనే ఒక ఉద్యోగం మాని, వారం తిరక్కుండా మరొకటి చూసుకుంటున్నారు, నాకు సంతోషమే. వాళ్ల మామ ఒకప్పుడు పోలీసని వాళ్లలో చాలామందికి తెలియదు, వాడూ చెప్పడు.