విసనకర్ర మీద పడిన ముగింపు

నిన్న ఫోన్‌లో ఒక పాత హాలీవుడ్ నటి నలుపు తెలుపు ఫొటో కనిపించింది. అవే సన్నని కనుబొమలు, అదే వాలు టోపీ. పోర్టు క్వార్టర్స్ మిత్రులారా, మన పాత ఫిర్యాదును తిరిగి దాఖలు చేస్తున్నాను.

డెబ్బైల చివర్లో మన క్లబ్బులో, సినిమాకు మాటలొచ్చిన తొలినాళ్ల హాలీవుడ్ ప్రేమకథలు వేసేవారు. వేడెక్కిన ప్రొజెక్టరు వాసన, తెరగా కట్టిన దుప్పటి గుర్తున్నాయి కదా? నాయకుడు నాయికను సమీపించగానే, కార్యదర్శి అప్పారావు మావయ్య పిల్లల నైతిక భద్రత దృష్ట్యా ప్రొజెక్టరు ముందు తాటాకు విసనకర్ర అడ్డుపెట్టేవారు.

పేరు గుర్తులేని ఒక సినిమాలో ఈ వాలు టోపీ ఆవిడే రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఒకవైపు భర్త, మరోవైపు ప్రేమికుడు. ఆవిడ పరుగు అందుకుంది. విసనకర్ర లేచింది. అది దిగేసరికి సినిమా అయిపోయింది.

"మావయ్యా, ఆయమ్మ ఎవులికాడికి ఎల్లింది?" మన పిల్లల్లో ఒకడైన సూరిబాబు ఏడుపు గొంతుతో అడిగాడు.

"నాకేటి తెల్సురా? అలాంటియ్యి నాను సూత్తానేటి? కళ్లు మూసేసుకున్నాను!"

ముగింపు మొత్తం ఆ తాటాకు మీదే పడింది. దాన్ని చూడగలిగిన ఒకే ఒక్క మనిషి కళ్లు మూసుకున్నారు. ఈ విషయమై నా అసంతృప్తి నేటికీ అమలులో ఉంది.