చీమ నడిచినా పట్టే మైకు

ఆ రోజుల్లో మా రాయపూర్‌లో ఎవరైనా పోతే ఆ సంగతి ఊరికి చెప్పేది సైకిల్ రిక్షా. దాని మీద ఒక లౌడ్‌స్పీకర్ గొట్టం, సీట్లో బ్యాటరీ, పక్కన టేపు రికార్డరు. చీరల మీద తగ్గింపు అని చెప్పేదీ అదే, రేపు కుళాయి రాదని చెప్పేదీ అదే, ఫలానావారు కాలం చేశారని చెప్పేదీ అదే. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ గొట్టంలోంచి వినిపించే గొంతు నాది కావాలన్నదే నా జీవితాశయం (ఇంతకంటే పెద్ద ఆశయాలు ఉంటాయని అప్పటికి నాకెవరూ చెప్పలేదు). రైల్వేలో ఫిట్టరుగా చేసే మా నాన్నకు ఈ మాట చెబితే, "గొట్టంలో అరవడం కూడా ఒక నౌకరీయేట్రా?" అని, దసరా దాకా గడువిచ్చారు. అప్పటికి ఒక్క దుకాణమైనా నన్ను నికరంగా పెట్టుకోకపోతే, ఆయన స్నేహితుడు గుమాస్తాగా ఉన్న, పక్కూరు తిల్దాలోని బియ్యం మిల్లులో చేరిపోవాలి. అదీ ఒప్పందం.

నా గొంతు సంగతి కూడా ఇక్కడే ఒప్పేసుకుంటాను. పద్నాలుగో ఏట అందరికీ మారినట్టే నాకూ మారింది. మారి, ఎక్కడో బావి అడుగున స్థిరపడిపోయింది. మా మేనత్త కూతురి పెళ్ళిలో నేను మైకు పుచ్చుకుని "అందరూ భోజనాలకు దయచేయండి" అని పిలిస్తే, పందిట్లో పెద్దలంతా లేచి నిలబడి తలలు దించుకున్నారు. అమ్మ మాత్రం "మావాడిది గంభీరమైన గొంతు" అనేది. నేను అమ్మనే నమ్మాను. తప్పు నాది కాదు, ఆ పెళ్ళివారి మైకుదని తీర్మానించుకుని, మంచి మైకు కోసం స్టేషన్ రోడ్డులో ఒక సేఠ్ దుకాణం చుట్టూ పదిహేను రోజులు తిరిగాను. నన్ను చూడగానే సేఠ్ "ఆగయా హలో మాస్టర్!" అని నిట్టూర్చేవాడు. పాపం, నేను రోజూ అక్కడ హలో తప్ప మరో మాట అనేవాణ్ణి కాదు మరి.

చివరికి ఎంపిక రెండు మైకుల మధ్యకు వచ్చింది. ఒకటి సభల్లో వాడే రకం, ఇనపజాలీ తలకాయతో లావుగా ఉంటుంది. నోటి దగ్గర పెట్టుకుంటే మన మాట వింటుంది, మిగతా లోకాన్ని పట్టించుకోదు. రెండోది సన్నగా, పొట్టలో చిన్న సెల్లు వేసుకుని నాజూగ్గా ఉండేది. సేఠ్ మొదటిదే తీసుకోమన్నాడు. "రెండోది చీమ నడిచినా పట్టేస్తుంది. మీ ఇల్లు చూస్తే పట్టాల పక్కన. వద్దు," అని హిందీలో నచ్చజెప్పాడు. నేను వింటేనా? మొదటిదానిలో నా హలో బావిలోంచే వచ్చింది. రెండోదానిలో నా ఊపిరీ, గుటకా, వెనకాల సేఠ్ చాయ్ జుర్రుకోవడమూ అన్నీ వినిపించాయి. ఇంత పట్టగలిగినది నా గొంతులో ఎక్కడో దాక్కున్న ఉల్లాసాన్ని పట్టలేదా అనిపించింది. ఆ మాటే అంటే సేఠ్ జాలిగా చూసి, "మైకు ఖుషీని పుట్టించదు భాయ్, ఉన్నదే పడుతుంది," అన్నాడు. ఆయన సరుకు అమ్ముకోవడం రాని మనిషని నాకు కోపమొచ్చింది.

మా క్వార్టర్లో సామాన్ల గది ఖాళీ చేయించి స్టూడియో అన్నాను. శబ్దం మారుమోగకుండా గోడలకు గోనెసంచులు వేలాడదీశాను. అవి తిల్దా మిల్లువే. నా భవిష్యత్తు నాలుగు గోడలా వేలాడుతూ ఉంటే, ఆ తవుడు దుమ్ముకు తుమ్ముకుంటూ మధ్యలో నేను రికార్డింగు చేసేవాణ్ణి. మైకు మాత్రం సేఠ్ చెప్పినట్టే పనిచేసింది. గూడ్సు బండి కూత, పక్కింటి కుక్కరు, కూరగాయలమ్మితో అమ్మ బేరం, ఏదీ వదల్లేదు. అలా తంటాలు పడి చేసిన మొదటి టేపు ఒక చీరల దుకాణంలో వేయిస్తే, చీరలు చూస్తున్న ఇద్దరాడవాళ్ళు చేతిలోవి కింద పెట్టి "ఎవరు పోయారు?" అని అడిగారు. యజమాని మంచివాడు. "దసరా ముందు మళ్ళీ రా బేటా, కొంచెం నవ్వుతూ చేసి తే," అన్నాడు. రిక్షాల ఏజెంటు ఇంకా మంచివాడు, ఆ టేపు విని నాకు చావు ప్రకటనలన్నీ అప్పగించాడు. మూడు నెలలు ఊరిని సాగనంపడమే నా పనైపోయింది. నేను వీధిలో కనబడితే జనం ఆగి "ఈసారి ఎవరు?" అనేవారు. ఇంటికొచ్చి గోనెసంచుల మధ్య కూర్చుని ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఎర్రజెండా తాత మా ఇంటికొచ్చాడు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మా రైల్వే కాలనీ గోడవతల ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. కాలనీలో తెలుగువాళ్ళంతా ఆయనలాగే శ్రీకాకుళం వైపు వాళ్ళే అయినా ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరు. ఎందుకంటే ఆయన దేన్నైనా ఆపేసేవాడు. కుళాయి దగ్గర వరస తప్పి బిందె పెట్టిందని ఎదురు వరస క్వార్టర్ల పిన్ని ముందు ఎర్రజెండా పట్టాడు. అదొక్కటైతే సర్దుకుపోయేవారేమో. శ్రీరామనవమికి ముహూర్తం దాటిపోయిందని, తాళి కట్టబోతున్న పంతులుగారికి ఎదురుగా నిలబడి, నిండు పందిట్లో సీతారాముల పెళ్ళికే ఎర్రజెండా ఊపాడు. అప్పటినుంచి కాలనీ కమిటీ ప్రెసిడెంటు మొదలు అందరూ ఆయన్ను వదిలేశారు.

"ఏట్రా గుంటడా, పోయినోళ్ళ గురించి సెప్పీది నువ్వేనా? నాకో టేపు సెయ్యాల," అన్నాడు.

"ఎవరు పోయారు తాతా?"

"నేనే. ఇంకా పోలేదు. పోయినాక నువ్వేటి సెప్పేవో నాకు తెల్దు కదా, అందుకని ముందే ఇనీసి పోతాను. తెలుగులో సెప్పు. ముప్పయ్యేళ్ళు డ్యూటీ అంతా హిందీలో సేసేను, ఇదొక్కటీ తెలుగులో అవ్వాల."

స్టూడియోలో, జెండాలూ లాంతరూ ఉండే తన గార్డు పెట్టె మీదే కూర్చుంటానని దాన్ని మోయించుకొచ్చాడు. నేను టేపు తిప్పగానే జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. నా చెవి గంటసేపు పనిచేయలేదు. 'స్వర్గస్థులయ్యారు' అన్నానో లేదో, "ఆగు! నువ్వు సూసొచ్చేవా? సిగ్నలు సూడకండా రైట్ సెప్పకూడదు. కాలం సేసేరు అను, సాలు," అన్నాడు. ఉదయం కాలం చేశారనీ, సాయంత్రం నాలుగు గంటలకు అంతిమయాత్ర బయలుదేరుతుందనీ చెప్పమన్నాడు. "మీరెప్పుడు పోతారో తెలియకుండా టైమెలా తాతా?" అంటే, "నేను పొద్దున్నే పోతాను. ఎప్పుడు పోయినా బండి నాలుక్కే," అన్నాడు. ఇంకోసారి బాగా వస్తోందనుకునేంతలో గూడ్సు వెళ్ళింది. చప్పుడును బట్టే దాని పెట్టెలు లెక్కబెట్టి "యాభయ్యారు" అని టేపులోకే చెప్పాడు. ఏడోసారికి ఒక్క ఆటంకమూ లేకుండా పూర్తిగా చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్లో కొంచెం ఖాళీ ఉంచడం నా అలవాటు కాబట్టి మిషన్ ఇంకా ఆపలేదు. అప్పుడు, గార్డు గొంతుతో కాదు, చాలా నెమ్మదిగా అడిగాడు.

"వత్తార్రా ఎవులైనా?"

"ఎందుకు రారు తాతా?"

"అందరితోటీ తగువులెట్టుకున్నాను కదేట్రా. మోసీవోళ్ళు నలుగురైనా దొరక్కపోతే ఎలగ?"

తాత ఇంకా తిరుగుతున్న టేపు వైపు చూసి, "సర్లే, మిషనాపు. సెల్లు దండగ," అని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ సివరిది సెరిపెయ్యి. ఎవుడూ ఇనకూడదు," అన్నాడు. అలాగే తాతా అని మాటిచ్చాను.

చెరపలేదు. దసరాకు ఇంకా రెండు వారాలే ఉంది, నా గోల నాది. తలుపేసుకుని రోజంతా మైకు ముందు నవ్వడం సాధన చేశాను. బయటినుంచి అమ్మ తలుపు కొట్టి, "ఒరే, ఏమైందిరా? ఏడవకురా, తిల్దా పోతే పోయావులే," అని తనూ ఏడ్చేది. తాత టేపు పేరు రాసిన అట్టతో సహా సొరుగులోనే ఉండిపోయింది.

దసరా నాలుగు రోజులుందనగా తాత అన్నట్టే పొద్దున్న పోయాడు. పాలవాడు చూసి చెప్పాడు. నేను సొరుగులోంచి టేపు తీసి రిక్షావాడికిచ్చి తాత గదికి పరుగెత్తాను. ఆ కంగారులో ఇచ్చిన మాట గుర్తే లేదు. నాన్న నాకోసం వచ్చి పక్కన కూర్చున్నారు. పది దాటింది, పదకొండైంది. నాన్నా నేనూ, ఇద్దరమే. గోడవతల రిక్షా తిరుగుతూ ఉంది. నా గొంతు వినిపిస్తోంది, ఆగుతోంది, ఆ తర్వాత ఇంకెవరిదో సన్నగా. ఎవరిదో తెలిసేసరికి నేను వీధిలో ఉన్నాను. నాన్న సైకిలెక్కి తొక్కాను.

రిక్షా కుళాయి దగ్గర దొరికింది. అప్పటికే మూడు చుట్లు తిరిగాడట. "మోలా తెలుగు సమఝ్ నఇ ఆవయ్ భయ్యా!" అన్నాడు రిక్షావాడు, తనకు తెలుగెక్కడ అర్థమవుతుందని. అతని లెక్కలో అదంతా ప్రకటనే. నేను మీట కోసం తడుముకుంటూ ఉండగానే గొట్టం అడిగేసింది, "వత్తార్రా ఎవులైనా?" బిందెల దగ్గర ఆడవాళ్ళంతా అలాగే నిలబడిపోయారు. "మోసీవోళ్ళు నలుగురైనా దొరక్కపోతే ఎలగ?" ఎర్రజెండా దెబ్బ తిన్న ఆ పిన్ని నీళ్ళ బిందె కింద పెట్టేసి, గొట్టం వైపు చూస్తూ, "వత్తాం నాయనా, ఎందుకు రాం!" అని భోరుమంది. "సర్లే, మిషనాపు. సెల్లు దండగ," అన్నాడు తాత. ఏడుస్తున్నవాళ్ళంతా పక్కున నవ్వారు. నేను మిషన్ ఆపలేదు.

మూడున్నరకల్లా ఆ సందులో నిలబడడానికి చోటు లేదు. మోయడానికి భుజాలు ఎక్కువై వంతులు వేసుకోవాల్సి వచ్చింది. కమిటీ ప్రెసిడెంటు గడియారం చూసుకుంటూ, "ఎత్తండ్రా, లేటైతే ముసిలోడు లేసి కూకుంటాడు," అని, గార్డు పెట్టెలోంచి పచ్చజెండా తీసి తనే ఊపాడు. సరిగ్గా నాలుగింటికి బయలుదేరాం.

మాట తప్పాను. ఆ మనిషి బతికుండగా నాకు తప్ప ఎవరికీ చెప్పుకోని భయాన్ని వీధి వీధీ తిప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. చెరిపి ఉంటే నాన్నా నేనూ ఇద్దరమే మిగిలేవాళ్ళమేమో, ఆ సంగతీ తెలుసు. ఈ రెండింటి మధ్యా నాకెప్పుడూ తేలలేదు. తిరిగొస్తూ నాన్న, "నీ గొంతు బానే ఉందిరా," అన్నారు. మరో నాలుగడుగులు వేశాక, "తిల్దా బండి పొద్దున్న ఆరింటికి," అన్నారు. నేను మళ్ళీ చీరల దుకాణానికి వెళ్ళలేదు. నవ్వడం నాకెలాగూ రాదని తెలిసిపోయింది. పండగ మర్నాడే మిల్లులో చేరాను, ఇన్నేళ్ళూ ఆ తవుడు వాసనలోనే గడిచిపోయాయి.

మొన్న మా మేనకోడలు ఇంట్లో కంప్యూటరు పెట్టి ప్రకటనలకు గొంతు ఇస్తానంటూ, కొనబోయే మైకు ఫోనులో చూపించింది. "పక్కనే రైలెళ్ళినా పడదు మావయ్యా. ముందున్నవాళ్ళ మాట తప్ప ఇంకెవరిదీ పడదు," అంది. మంచిదమ్మా, అదే తీసుకో అన్నాను. అది వెళ్ళాక అటక మీదినుంచి నా పాత మైకు దించి, కొత్త సెల్లు వేసి, టేపు రికార్డరుకు తగిలించి, గదిలో ఒక్కణ్ణీ కూర్చుని "హలో" అన్నాను. ఇంకా బావి అడుగునే ఉన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ కంగారుగా అడిగింది, "ఎవరు పోయారండీ?"

"ఎవరూ లేరే. నేనే. ఇంకా పోలేదు," అన్నాను.

"అయితే కాఫీ తాగి మాట్లాడండి, చల్లారిపోతోంది."

ఆ మాట కూడా టేపులో పడే ఉంటుంది. చెరపను.