కార్డుతో బోణీ

భద్రాచలంలో కార్డు మెషిన్ పట్టిన మొట్టమొదటి చెయ్యి నాదేనని చాలామందితో చెప్పాను. బస్సులో పక్క సీటువాళ్లతో చెప్పాను, దవాఖానాలో మందుల కోసం వరసలో నిలబడ్డవాళ్లతో చెప్పాను. ఎవరూ కాదనకపోయేసరికి నేనే నమ్మడం మొదలుపెట్టాను. నిజానికి అప్పటికే పెట్రోలు బంకులో ఒకటి ఉంది, బంగారం కొట్టులో ఒకటి ఉంది. పోనీ వెదురు సామాను అమ్మేవాళ్లలో మొదటివాణ్నని సర్దుకుందామంటే అదీ కుదరదు. గుడికి పోయే దారిలో మా వరస దుకాణాలన్నిటికీ ఒకే రోజు, ఒకే అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చారు. పిలిచినప్పుడు నా పేరు ముందు వచ్చింది. అంతే.

రాష్ట్రం ఇంకా విడిపోని రోజులవి. ఆ మెషిన్ సగం ఇటుకంత ఉండేది. పక్కన ఒక సందు, కింద ఒక సందు. వెనక నల్లగీత మాత్రమే ఉన్న కార్డును పక్క సందులో గీకాలి. ముందువైపు బంగారు రంగు చిప్ ఉన్న కార్డు అయితే కింది సందులో గుచ్చి, చీటీ వచ్చేదాకా ముట్టుకోకూడదు. ఇది నేర్పడానికి మమ్మల్ని ఖమ్మం తీసుకుపోయి ఫ్యాన్ల కింద కూర్చోబెట్టారు. నేర్పినాయన నాతో "తాతా, మీకు వచ్చినంత జల్దీ ఎవరికీ రాలేదు" అన్నాడని ఇంటికొచ్చి చెప్పాను. ఆయన అన్నది "తాతా, లేవండి, అయిపోయింది" అని.

మా దుకాణాలను చూసే సర్కారు ఆఫీసరు పడుచు మనిషి, స్కూటర్ మీద వచ్చేవాడు. మెషిన్లు ఇచ్చిన రోజే మాట తేల్చి చెప్పాడు.

"పెద్దాయనా, ఈ ముందు జాగాలు ఇచ్చిందే యాత్రికులు కార్డు పెట్టి కొంటరని. శ్రీరామనవమి అయినంక వచ్చి చూస్త. మెషిన్ల నుంచి ఒక్క చీటన్న రాని దుకాణం వెనక సందులకు పోవాలె."

వెనక సందు అంటే లాడ్జీల వెనక గోడలు, మురుగు కాలువ, ఎండలో నిద్రపోయే ఆవులు. యాత్రికులు అటు రారు. అక్కడికి పోవడమంటే మళ్లీ సంతల పాలు కావడమే. మా ఇంటిది ఆ పని చాలాకాలం చేసింది. చాటలూ బుట్టలూ మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని దుమ్ముగూడెం, చర్ల సంతలు తిరిగింది. కండక్టరు మోపు ఎక్కించుకోననప్పుడు నడిచింది. ఆ తోవల్లోనే మోకాళ్లు పోయాయి. మరి నువ్వెందుకు మోయలేదని అడుగుతారేమో. నేను అల్లేవాణ్ని. ఈ జవాబు ఆమెకు కూడా ఇచ్చేవాణ్ని.

ముందు వరసలో జాగా దొరికాకే ఆమె పీట మీద కూర్చుని అమ్మడం మొదలుపెట్టింది. ఆఫీసరు పోయాక స్కూటర్ వెళ్లిన దిక్కే చూస్తూ, "మల్ల మోపెత్తుమంటే ఇగ నాతోని కాదు" అంది. ఏడుస్తూ అనలేదు, కోపంగానూ అనలేదు. బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు చెప్పింది.

అయితే చీటీ రాకుండా అడ్డం పడింది కూడా ఆమే. బోణీ విషయంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. పొద్దున మొదటి బేరంలో వచ్చిన నోటును కళ్లకద్దుకుని, దుకాణంలో ఉన్న ప్రతి సామానుకూ తాకించి, గల్లాపెట్టెలో వేసి మూత వేస్తుంది. సాయంత్రం దీపం పెట్టేదాకా ఆ నోటు కదలకూడదు, చిల్లరకు కూడా తియ్యదు. వాళ్లమ్మ అట్లాగే చేసేదట. అందుకని బోణీ నోటుతోనే కావాలంది, కార్డు తరవాత సంగతి అంది.

కార్డులున్నవాళ్లు వచ్చేదేమో పొద్దున్నే. తెల్లవారుజామున దర్శనం చేసుకుని, ఎండ ముదరకముందే కార్లలో తిరిగిపోయేవాళ్లు వాళ్లు. వెదురుతో అల్లిన దీపపు గూడు బాగుందంటారు, కార్డు తీస్తారు. ఈమె చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇంకా బోణీ కాలేదు బిడ్డా, నోటుంటే ఇయ్యి" అంటుంది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పోతారు.

"నేనే ఒక బుట్ట కొంట, పైసలిస్త. బోణీ అయితది గద" అన్నాను ఒకనాడు.

"నీ జేబుల పైసలు ఎవరియ్యా? ఇంటోడు చేసేది బోణీ ఎట్లయితది?"

పక్క దుకాణంలో కొయ్యబొమ్మలు అమ్మే బావకు రహస్యంగా ఒక నోటిచ్చి పంపాను. ఆమె నోటు అందుకుని, అటూ ఇటూ తిప్పి, నా వైపు తిరిగింది.

"పొద్దుగాల చాయకని నీకు నేనిచ్చిన నోటే ఇది. ఊరంత తిరిగొచ్చిందా?"

బావ నవ్వలేక చచ్చాడు. ఆయన మెషిన్‌లోంచి అప్పటికే చీట్లు వచ్చాయి. "ఏం బావా, మీ మెషిన్ కోడిపెట్ట లెక్క పొదుగుకుంట కూసుంటది, గుడ్డు మాత్రం పెట్టదేంది?" అని రోజూ పలకరించేవాడు.

నవమి నాడు మా దుకాణం ముందు జనం గోదావరి బ్రిడ్జి దాకా వరస కట్టారని చెబుతుంటాను. వరస ఉన్న మాట నిజం. అది లడ్డూల కౌంటరుది, మా దుకాణం దాని తోవలో ఉంది. ఆ జనంలో బేరం బాగానే అయింది కానీ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, అందరూ నోట్లవాళ్లే. సాయంత్రానికి మెషిన్ మీద దుమ్ము తుడిచి మళ్లీ కవర్లో పెట్టాను.

పండగ జనం తగ్గిపోయాక ఆఫీసరు కబురు పంపాడు, మర్నాడు మధ్యాహ్నానికల్లా వస్తానని. ఆ పొద్దున దుకాణం తెరిచి ఎవరి పని వాళ్లం చూసుకున్నాం. అడగవలసినన్ని సార్లు అడిగేశాను. ఆమె ఇవ్వవలసిన జవాబు ఇచ్చేసింది. ఎండ అప్పుడే రేకుల మీద చిటపటలాడుతోంది. ఒక మనిషిని ఒప్పించడం కన్నా నాలుగు తడికలు అల్లడం తేలిక.

మొదట వచ్చింది హైదరాబాదు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆ అమ్మాయి దీపపు గూడు ఒకటి, చిన్న చాట ఒకటి ఏరుకుంది. భర్త పర్సు తీసి, "చేతిలో ఉన్నదంతా గుళ్లో అయిపోయిందండీ, కార్డు తీసుకుంటారా?" అన్నాడు.

నేను పైకప్పు వైపు చూశాను. మా ఇంటిది తన మోకాళ్లను రెండు అరచేతులతో నొక్కుకుంది. తరవాత చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా."

కార్డు అందుకుని కళ్లకద్దుకుంది. గోడ పట్టుకుని లేచి, బుట్టలకు, చాటలకు, పైన వేలాడే గూళ్లకు ఒక్కొక్కదానికీ ఆ కార్డు తాకించింది. భార్యాభర్తలు ముచ్చటగా చూస్తున్నారు. ఆమె వచ్చి పీట మీద కూర్చుని, గల్లాపెట్టె తెరిచి, కార్డు అందులో వేసి, మూత వేసింది.

భర్త పెట్టె వైపు వేలు చూపించాడు.

"అమ్మా, కార్డు..." అన్నాడతను.

"బోణీ గద బిడ్డా. మాపటిదాక పెట్టెల ఉండాలె."

"కార్డు వాపస్ ఇయ్యాలె" అన్నాను నేను మెల్లగా.

"అట్లయితె నాకేం మిగిలినట్టు?"

"చీటీ వస్తది."

"చీటీ ఆయనకిచ్చి కార్డు మనం పెట్టుకుంటే ఏమైతది?"

దీనికి ఆ భర్త పగలబడి నవ్వి, ముచ్చటపడి దుకాణమంతా కొనేశాడని చెబుతుంటాను. అట్లా జరగలేదు. ఆయన గొంతు పెంచాడు. మా కార్డు తీసి దాచుకుంటారేంటి, పోలీసు ఎక్కడ, అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగారు. ఆమె మూత తెరిచి, కార్డు తీసి, కొంగుతో తుడిచి నాకిచ్చింది. బోణీ పెట్టెలోంచి పొద్దున్నే తియ్యడం ఆమె జన్మలో అదే మొదలు. తల ఎత్తలేదు.

ఆ అమ్మాయే భర్తను వారించింది. "పోనీండి, పెద్దావిడ" అంది. నేను కార్డును పక్క సందులో గీకాను. మెషిన్ కుయ్యిమంది. మళ్లీ గీకాను, మళ్లీ కుయ్యిమంది. "సిగ్నల్ లేదు" అన్నాను, అలవాటైన మాట. ఆ అమ్మాయి తెర మీద అక్షరాలు చదివి, "దీనికి చిప్ ఉంది తాతా, కింద పెట్టమంటోంది" అని తానే గుచ్చింది. ఆ తరవాత నిజంగానే సిగ్నల్ లేదు. రేకుల కింద అందదని మెషిన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. కార్డు నాతో పారిపోతుందేమోనని భర్త నా వెనకాలే వచ్చాడు. ఇద్దరం ఎండలో ఊరేగింపులా తిరిగాం. కొయ్యబొమ్మల బావ చాయ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. చివరికి లడ్డూల కౌంటరు దగ్గర చీటీ బయటికొచ్చింది.

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చి చీటీ చూశాడు.

"ఒక్కటేనా పెద్దాయనా?"

"ఇయ్యాల్టికి ఒక్కటే సారు."

ఆ ఒక్కటీ ఆ పొద్దునే వచ్చిందని ఆయనకు తెలియకేం కాదు. మా ఇంటిది పీట మీద నుంచి లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించడం చూశాడు. "కూసో అమ్మా, కూసో" అని, "ముందల్నే ఉండుండ్రి" అని స్కూటర్ ఎక్కాడు.

ఆ రోజు ఇంకో బేరం కాలేదు. సాయంత్రం ఆమె దీపం పెట్టి, నేను చీటీ వేసి ఉంచిన గల్లాపెట్టె తెరిచింది. చీటీని కళ్లకద్దుకోబోయి ఆగి, నా చేతికిచ్చింది. "నువ్వే దాసుకో" అంది.

నేను గెలిచానని వరసంతా చెప్పుకున్నాను, ఆమె వినేలాగే చెప్పుకున్నాను. ఆమె తరవాత మోపు ఎత్తలేదు, చర్ల బస్సు ఎక్కలేదు, ఆ జాగాలో ఆ పీట మీదే కూర్చుంది. కార్డు ఇస్తే నాకు అందించేది, నోటిస్తే పెట్టెలో వేసేది. దేన్నీ సామానుకు తాకించడం మాత్రం చూడలేదు. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. చాలా రోజుల తరవాత, ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని ఉన్నప్పుడు, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఇయ్యాల బోణీ ఎవరు చేసిండ్రే?"

ఆమె వీధి వైపే చూస్తూ మోకాలు రుద్దుకుంది.

"యాదికి లేదు" అంది.